ఫారం 6 గురించే మళ్లీ మళ్లీ ఎందుకు పెడతానంటే

"నాయకుల ప్రసంగాల ముక్కలు పెడితే ఎంతమందైనా చూస్తారు కదక్కా, ఎప్పుడూ ఈ ఓటర్ల జాబితా గొడవేనా?" అని నా ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసే పిల్లలు అడుగుతున్నారు. ఫారం 6 అంటే ఓటర్ల జాబితాలో కొత్తగా పేరు చేర్చమని పెట్టే దరఖాస్తు. కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

తిరుపతి నిండా చదువుకోవడానికి వచ్చినవాళ్లే. రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు, వైద్య, వ్యవసాయ కళాశాలలు, వాటి చుట్టూ హాస్టళ్లు. పీలేరు నుంచో పుంగనూరు నుంచో వచ్చి ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటారు. ఈ ఊరి నీళ్లు తాగుతారు, ఈ రోడ్ల మీదే తిరుగుతారు. ఓటు మాత్రం చాలామందికి ఇక్కడా ఉండదు, సొంత ఊళ్లోనూ ఉండదు.

మా చిన్నాన్న కూతురు బాలాజీ కాలనీలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఏ నాయకుడు ఎప్పుడు ఏ మాటన్నాడో తేదీతో సహా చెబుతుంది. పద్దెనిమిది నిండినా జాబితాలో పేరు లేదు. ఒక ఆదివారం దాని ఫోన్లోనే ఫారం 6 తెరిపించాను. పేరు, పుట్టిన తేదీ చకచకా నింపేసింది, పదో తరగతి మార్కుల జాబితా జతచేసింది. చిరునామా దగ్గర వేలు ఆగిపోయింది.

"అక్కా, హాస్టల్‌ది రాయాలా, మన ఊరిదా?"

"నీ ఇష్టం. విద్యార్థులకు రెండింట్లో ఏదైనా ఎంచుకునే వీలుంది, కానీ ఒక్కచోటే. హాస్టల్‌ది రాస్తే అక్కడ చదువుతున్నావని కాలేజీ నుంచి బోనఫైడ్ పత్రం తేవాలి."

వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. "ఊళ్లోనే రాయించుకోమ్మా, పంచాయతీ ఎన్నికలప్పుడు మన వీధికి ఒక ఓటు పెరుగుతుంది" అన్నాడు చిన్నాన్న. "ఏడాదికి పది నెలలు ఇక్కడే ఉంటాను కదా నాన్నా" అని ఇది. అరగంట వాదించుకున్నారు. ఆ అరగంటలో ఒక్క పార్టీ పేరు కూడా రాలేదు. నా కళ్లముందు జరిగిన రాజకీయ చర్చల్లో అంత మంచిది నేను వినలేదు. చివరికి ఊరి చిరునామానే రాసింది.

61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది. దాదాపు అదే కాలంలో మన రాష్ట్రంలో కళాశాలల విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో విద్యార్థి నాయకుడిగా తిరిగిన చంద్రబాబు నాయుడు 1978లో ముప్పై నిండకుండానే చంద్రగిరి ఎమ్మెల్యే అయ్యారు. ఆయన రాజకీయం నచ్చినా నచ్చకపోయినా, ఆ దారి అప్పుడు తెరిచి ఉందన్నది నిజం. ఇప్పటి పిల్లలకు సాటివాళ్లను ఓటు అడిగిన అనుభవమే లేదు. ఓడి, మర్నాడు అదే తరగతిలో కూర్చున్న అనుభవమూ లేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరపాలో లింగ్డో కమిటీ 2006లోనే చెప్పింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అవి మళ్లీ జరగాలని నా పేజీలో అడుగుతూనే ఉంటాను.

2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం విశాఖ ఆర్కే బీచ్‌కు రమ్మన్న పిలుపు యువత ఫోన్ల ద్వారానే పాకింది. పోలీసులు అడ్డుకున్నారు, అది వేరే సంగతి. ఫోనుకు పిలిచే శక్తి ఉందని అప్పుడే నమ్మాను. అయితే పిలిచాక ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి అన్నది కూడా మనమే చెప్పాలి.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. పాకాల దగ్గర మా ఊరి సభలో కుర్రవాళ్లు వెనక నిలబడి వీడియో తీస్తున్నారు. పడమటి వీధి మురుగు కాలువ గురించి ఒక ముసలమ్మ ఒక్కతే గొంతు చించుకుంటోంది. ఒక అబ్బాయితో "ఫోను జేబులో పెట్టి, అవ్వ చెప్పింది తీర్మానాల పుస్తకంలో రాయించు నాయనా" అన్నాను. వెళ్లాడు. రాసేదాకా కదల్లేదు. ఆ అబ్బాయికి 21 నిండితే వార్డు సభ్యుడిగా తనే నిలబడవచ్చు. ఎమ్మెల్యేకు పాతికేళ్లు కావాలి గానీ పంచాయతీకి అక్కర్లేదు. ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవి చేశాడు.

జనవరిలో తప్ప పేరు చేర్చరని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. 2022 నుంచి పద్దెనిమిది నిండాయో లేదో చూడటానికి ఏడాదికి నాలుగు తేదీలు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు. పదిహేడు నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చే ఆదివారం ఉదయం విశ్వవిద్యాలయం గ్రంథాలయం ఎదురుగా చెట్ల కింద ఉంటాను. ఫోటో, పదో తరగతి మార్కుల జాబితా తెచ్చుకోండి. ఏ చిరునామా రాయాలో ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడి రండి.