బొమ్మ పోయినా పాట ఆగలేదు

నల్లగొండ డాబాల మీద టీవీ యాంటెన్నాలన్నీ పడమటికి, కాస్త వాయవ్యానికి తిరిగి ఉండేవి. పాలమూరులో ఈశాన్యానికి. మ్యాపు మీద నేరుగా గీత గీస్తే రెండు ఊళ్లకూ హైదరాబాద్ దాదాపు 90 కిలోమీటర్లు. దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు 1976 జనవరి 1న మొదలయ్యాయి, హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. మన బడి వాళ్లు ఎవరు కలిసినా పాత యాడ్ల పాటలు పొల్లు పోకుండా పాడతారు. అందులో ఏం చూపించారని అడిగితే మాత్రం తలా ఒకటి చెబుతారు. మతిమరుపు కాదిది, ఆ 90 కిలోమీటర్ల పని.

అప్పటి టీవీలో బొమ్మ ఏఎం పద్ధతిలో (తరంగం బలాన్ని మార్చి), ధ్వని ఎఫ్ఎం పద్ధతిలో (తరంగం ఫ్రీక్వెన్సీని మార్చి) వచ్చేవి. సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ నిండా తెల్ల చుక్కలు లేస్తాయి. ఎఫ్ఎం ధ్వని మాత్రం చాలావరకు నిలబడుతుంది. కలర్ సెట్టయితే రంగు ఇంకా ముందే పోతుంది, ఎందుకంటే రంగు సంకేతం బలహీనపడగానే సెట్టే దాన్ని ఆపేసి నలుపు తెలుపులోకి మారిపోతుంది. బట్టల పొడి నిర్మా పాట మన దగ్గర అంతగా నాటుకోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం. నాలుగు ఆడపేర్లు, ఒక సరుకు పేరు, మళ్లీ మళ్లీ అదే వరస. వంటింట్లో ఉన్నా వినిపించేది. దానికి పోటీగా సర్ఫ్ వాళ్లు దింపిన లలితాజీ (యాడ్ల కంపెనీ లింటాస్‌లో అలీక్ పదమ్సీ ఆలోచన, వేషం వేసింది కవితా చౌదరి) కూడా నిండు ముఖంతో తెర మీదికొచ్చి మాటలతోనే సరుకు అమ్మింది. చుక్కల మధ్య కూడా ఆమె ఆమేనని తెలిసేది. 1975 నాటి లిరిల్ సబ్బు యాడ్‌లోని జలపాతం మాత్రం సినిమా హాలులోనే బాగుండేది. చుక్కల టీవీలో ఏది నీరో ఏది చుక్కో దేవుడికెరుక.

నల్లగొండలాంటి గుట్టలున్న ఊరికి ఇంకో తిప్పలు. లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట లాంటి వాటికి తగిలి వచ్చే సిగ్నల్ అసలు దానికన్నా ఆలస్యంగా చేరుతుంది. 300 మీటర్లు చుట్టు తిరిగితే ఆలస్యం ఒక మైక్రోసెకండు. 20 అంగుళాల తెర మీద దాదాపు 8 మిల్లీమీటర్లు కుడికి జరిగిన నీడ బొమ్మ. దీనికి బూస్టర్ (సిగ్నల్‌ను పెంచే డబ్బా) మందు కాదు, నీడనూ పెంచుతుంది. సిగ్నల్ కాస్త తగ్గినా సరే, యాంటెన్నాను కొద్దిగా పక్కకు తిప్పి గుట్ట వైపు నుంచి వచ్చేదాన్ని తప్పించాలి. చుక్కలు పోవాలని బూస్టర్ పెట్టేవాళ్లు కూడా టీవీ పక్కన పెట్టేవాళ్లు. పైపు మీద, యాంటెన్నా దగ్గరే ఉండాలి. వైరులో నష్టపోయాక పెంచితే చుక్కలే పెరుగుతాయి. చప్పటి రిబ్బన్ వైరును ఇనుప పైపుకు చుట్టి కడితే ఉన్న సిగ్నలూ పోయేది.

తెలుగు అక్షరాలకు టీవీ మరీ అన్యాయం చేసింది. 625 గీతల బొమ్మను ఒక విడత బేసి గీతలు, మరో విడత సరి గీతలుగా వేస్తారు కాబట్టి, ఒక్క గీత మందమున్న తలకట్టు మిణుకుమిణుకుమంటుంది. ఒత్తులు ముద్దయిపోతాయి. పైగా బొమ్మ అంచులు తెర చట్రం వెనక్కి పోతాయి. సరుకు పేరును లావుపాటి అక్షరాల్లో తెర నడుమ నిలబెట్టి, పైన నోటితో కూడా చెప్పించింది ఇందుకే.

పత్రికల్లో ఇదే తిప్పలు కాగితం రూపంలో. వారపత్రిక లోపలి పేజీలు న్యూస్‌ప్రింట్. ఫోటోను చుక్కలుగా విడగొట్టి, జింకు రేకును యాసిడ్‌తో తినిపించి బ్లాక్ చేసేవాళ్లు. న్యూస్‌ప్రింట్‌కు అంగుళానికి 55 నుంచి 65 గీతల స్క్రీన్ (అంటే అన్ని చుక్కల వరసలు), ఆర్ట్ పేపరుకు 120 నుంచి 133. ఆర్ట్ పేపరు బ్లాకునే న్యూస్‌ప్రింట్ మీద కొడితే సన్న చుక్కల సందుల్లో సిరా నిండి, నవ్వే ముఖం మసి ముఖమవుతుంది. తలనూనెలు, బలం మందుల ప్రకటనల్లో ఫోటోలకన్నా గీత బొమ్మలే నమ్మకం. రంగులు వెనక కవరుకే. మన పుస్తకాల అట్టలకు ఎక్కినవీ ఆ కవర్లే కాబట్టి రంగుల యాడ్లంటే అవే గుర్తు. జిందా తిలిస్మాత్ మందును మాత్రం మనం కాగితం మీదకన్నా గోడల మీదే ఎక్కువ చూశాం.

మన బడి సంచికకు పాత ప్రకటనల కత్తిరింపులు పంపేవాళ్లు ఏడాది ఊహించి రాయొద్దు, ప్రకటనలోనే ఉంటుంది. ధర అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసలైతే ఆ తర్వాత 1964 దాకా. చిరునామాలో ఆరంకెల పిన్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. సిగరెట్ ప్రకటన కింద హెచ్చరిక కనిపిస్తే 1975 చట్టం తర్వాతిది. పసిపిల్లల పాలడబ్బా ప్రకటనైతే 1992 చట్టానికి ముందుది. చిరునామాలో 'డిపార్ట్‌మెంట్' పక్కన అక్షరాలుంటే అది నిజంగా డిపార్ట్‌మెంట్ అనుకోవద్దు. ఏ పత్రిక చూసి వి.పి.పి. (సరుకు అందాక పోస్టుమాన్‌కు డబ్బు కట్టే పద్ధతి) ఆర్డరు వచ్చిందో తెలుసుకోవడానికి కంపెనీ పెట్టుకున్న గుర్తు.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి. తక్కువలో చేస్తే అచ్చు చుక్కలూ స్కానర్ చుక్కలూ కలిసి వలలాంటి గీతలు పడతాయి. వెనక పేజీ అక్షరాలు కనపడకుండా కాగితం వెనక నల్ల అట్ట పెట్టండి. చిరిగిన చోట సెల్లోటేప్ అంటించొద్దు, దాని జిగురు గోధుమరంగు మరకై కూర్చుంటుంది. లామినేషన్ చేయిస్తే మళ్లీ విప్పలేం. సీరియళ్ల మధ్య యాడ్లతో సహా రికార్డు చేసిన వీడియో క్యాసెట్లున్నవాళ్లు ముందు కిటికీలోంచి టేపు చుట్ట చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో వేయొద్దు. బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని, తర్వాత వేసిన మంచి క్యాసెట్‌నూ పాడుచేస్తుంది.