డాలస్‌లో దయ్యం లాంతర్లు అమ్మడం: నా అనుభవం

అమెరికాలో చేత్తో చేసిన బొమ్మ ఒక్కటి అమ్మాలన్నా, నాలాగా హెచ్-4 వీసా (హెచ్-1 వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వచ్చినవాళ్ళకి ముందు ఈఏడీ, అంటే పని చెయ్యడానికి అనుమతి కార్డు, ఉండాలి. మనవాళ్ళలో చాలామంది ఇది పట్టించుకోరు. ఇంట్లో కూర్చుని చేసుకునే చేతిపనే కదా, ఎవరడుగుతారు అంటారు. మా లాయరు మాత్రం కచ్చితంగా చెప్పింది: ఊరికే ఇస్తే ఫరవాలేదు, అమ్మితే పని చేసినట్టే లెక్క. హెచ్-1 మనిషికి ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, ఆమోదం అయితే వాళ్ళ హెచ్-4 భార్యకో భర్తకో 2015 మే నుంచి ఈఏడీ ఇస్తున్నారు. అది చేతిలో ఉంటే ఉద్యోగమే కాదు, సొంత వ్యాపారమూ చేసుకోవచ్చు. నా కార్డు వచ్చేదాకా నేను హాలోవీన్‌కి, ఇక్కడి దయ్యాల పండగకి, చేసిన లాంతర్లన్నీ స్నేహితుల ఇళ్ళకే వెళ్ళాయి. అక్టోబరులో డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళ గుమ్మాలు చూడాలి. పైన దసరాకి కట్టిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, పక్కన అస్థిపంజరం, మెట్టు మీద కోరలతో నవ్వే గుమ్మడికాయ. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

మా అత్తయ్యగారికే కాస్త ఉండేది. వీడియో కాల్‌లో వెనకాల అలమరలో లాంతర్లు చూసి, "పండగల రోజుల్లో ఇంటినిండా ఆ దయ్యం మొహాలేంటమ్మా?" అన్నారు. "మన కొత్తింటి ముందు బూడిద గుమ్మడికాయ మీద కోరలూ మీసాలూ గీయించి కట్టారు కదా అత్తయ్యగారూ, ఇదీ అలాంటిదే" అన్నాను. "అది దిష్టికి" అన్నారు. ఇదీ దానికే. ఐర్లండ్‌లో అక్టోబరు 31 రాత్రి తిరిగే ఆత్మల్ని బెదరగొట్టడానికి టర్నిప్ దుంపల్ని తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవాళ్ళు. వాళ్ళు అమెరికా వచ్చాక ఇక్కడ పెద్దగా, తొలవడానికి సులువుగా దొరికింది గుమ్మడికాయ. అలా మారిపోయింది. ఆ పాత టర్నిప్ ముఖం ఎలా ఉండేదో చూడాలంటే ఐర్లండ్ నేషనల్ మ్యూజియంవాళ్ళ దగ్గర ఒకటుంది. డొనెగల్ ప్రాంతపు టీచరొకరు 1943లో ఇచ్చిన లాంతరు. అసలుది కుళ్ళిపోతుందని ప్లాస్టర్‌తో అచ్చు పోసి ఉంచారు. ముడుచుకుపోయిన ముసలి ముఖం, అక్కడక్కడా పళ్ళు. దాని ఫొటో మొదటిసారి చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. గుమ్మడికాయ నవ్వు దాని ముందు చంటిపిల్లల బొమ్మ.

నేను చేసేది కాగితంతో. దీనికి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందూ, రెండు యుద్ధాల మధ్యా అమెరికా హాలోవీన్‌కి కాగితపు గుజ్జు లాంతర్లు జర్మనీ నుంచి ఓడల్లో వచ్చేవి. చేసే ఊళ్ళలో ఈ పండగే లేదు. వాళ్ళు క్రిస్మస్ బొమ్మలు చేసే చేతులతోనే పిల్లులూ, మంత్రగత్తెలూ, గుమ్మడికాయ తలలూ చేసి పంపారు. రెండో యుద్ధంతో అది ఆగింది. అమెరికాలోనే కోడిగుడ్ల అట్టల్లాంటి గరుకు గుజ్జుతో చౌకవి తయారయ్యాయి, ఆపైన ప్లాస్టిక్. పాత లాంతర్లలో నిజం కొవ్వొత్తి పెట్టేవాళ్ళు కాబట్టి ఎన్నో కాలిపోయాయి. మిగిలినవాటి కోసం కలెక్టర్లు వందల డాలర్లు పెడతారు. అంత పెట్టలేనివాళ్ళూ, పాత పద్ధతిలో కొత్త ముఖం కావాలనుకునేవాళ్ళూ మాలాంటి చేతిపనివాళ్ళ దగ్గరికి వస్తారు. కాలిఫోర్నియాలో పెటలూమాలో, మిషిగన్‌లో చెల్సీలో ఇలాంటివాళ్ళ కోసమే హాలోవీన్ కళ ప్రదర్శనలు జరుగుతాయి. నాకంత దూరం వెళ్ళే ధైర్యం లేక డాలస్ చుట్టుపక్కల జరిగే ఒక చేతిపనుల సంతకి దరఖాస్తు పెట్టాను.

ముందు పని సంగతి. బుడగ ఊది దాని మీద కాగితాలు అంటించడం అందరూ మొదలుపెట్టే దారి, కానీ బుడగ మీద వచ్చేది నున్నటి గుడ్డు. గుమ్మడికాయకి నొక్కులు కావాలి. అందుకని నేను పాత పేపర్లు నలిపి ఉండ చేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, తాడుతో పైనుంచి కిందికి బిగించి కడతాను. తాడు పడ్డచోట గాడి వస్తుంది. దాని మీద చింపిన కాగితం పొరలు. కత్తిరించిన కాగితానికి అంచు తెలుస్తుంది, చింపినది కలిసిపోతుంది. జిగురు మైదాదే, చిన్నప్పుడు మా వీధిలో సినిమా పోస్టర్లు అంటించడానికి ఉడికించేదే. ఆ పోస్టర్లవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం, పిల్లలు ముట్టుకునే వస్తువులో వెయ్యకూడదు. నేను ఉప్పూ కొన్ని చుక్కల లవంగ నూనే వేస్తాను. అంతకన్నా ముఖ్యం, ఒక్కో పొర పూర్తిగా ఆరాకే ఇంకో పొర వెయ్యడం. లోపల తేమ మిగిలితే ఏ నూనే బూజుని ఆపదు. ఆరబెట్టడంలో టెక్సస్ ఎండని మించిన ఆస్తి లేదు. జూన్, జులైల్లో గరాజ్ తలుపు తీసి పెడితే చాలు. అందుకే నాకు హాలోవీన్ పని ఎండాకాలంలోనే అయిపోతుంది.

గట్టిపడ్డాక వెనక కోసి లోపలి ఉండ లాగేసి, మళ్ళీ అతికించి, కళ్ళూ నోరూ కోస్తాను. కనుబొమలూ ముక్కూ పేపర్ క్లేతో, అంటే కాగితపు గుజ్జు ముద్దతో. పైన రంగుకి ముందు వేసే తెల్లటి పూత, జెస్సో, అది ఆరాక నారింజ రంగు. ఇక్కడిదాకా ఎవరైనా చెయ్యగలరు. అసలు పని పాతదనం తేవడం. ముదురు గోధుమ రంగు పలచగా కలిపి మొత్తం పులిమి, ఆరేలోగా గుడ్డతో తుడిచేస్తే గాడుల్లో మాత్రం మిగులుతుంది. ఎంత తుడవాలన్నది ఎవరూ చెప్పలేరు. ఎక్కువ తుడిస్తే నిన్న కొన్న ప్లాస్టిక్‌లా ఉంటుంది, తక్కువ తుడిస్తే మురికిగా కనిపిస్తుంది. కళ్ళ వెనకా నోటి వెనకా రంగు వేసిన పలచటి కాగితం అంటిస్తాను, పాత జర్మన్ లాంతర్లలో ఉన్నట్టు. వెలుగు ఆ కాగితంలోంచి వస్తేనే ముఖానికి ప్రాణం. లోపల బ్యాటరీ దీపమే. అడుగున చీటీ కూడా అంటిస్తాను, కొవ్వొత్తి పెట్టొద్దని.

సంతవాళ్ళు అడిగినవి పని ఫొటోలు, స్టాల్ ఫొటో. ఇక్కడ వీటిని ఒక జ్యూరీ చూసి ఎంచుతుంది, డబ్బు కట్టినవాళ్ళందరికీ చోటు ఉండదు. ఇంతవరకూ అమ్మనివాళ్ళకి స్టాల్ ఫొటో ఎక్కణ్ణుంచి వస్తుంది? స్నేహితురాలి దగ్గర పదడుగుల టెంట్ అరువు తెచ్చి, మా వెనక పెరట్లో వేసి, టేబుళ్ళ మీద నల్ల గుడ్డ పరిచి ఫొటో తీశాం. పక్కింటాయన గోడ మీంచి చూసి గరాజ్ సేలా అని అడిగాడు. సినిమా పాత్రల ముఖాలు పెట్టకూడదని రూల్స్‌లో రాసి ఉంది. నేను ఎలాగూ చెయ్యను. అవి వేరేవాళ్ళ సొత్తు, పైగా అలాంటివి ఏ షాపులోనైనా దొరుకుతాయి. వాళ్ళ జవాబు ‘వెయిట్‌లిస్ట్’ అని వచ్చింది. ఎందుకో కారణం రాయలేదు. ఆగస్టులో ఎవరో మానుకున్నారట, మీకు చోటుంది, రెండు రోజుల్లో డబ్బు కట్టమని మెయిల్. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. టెక్సస్‌లో వస్తువు అమ్మేవాళ్ళకి సేల్స్ టాక్స్ పర్మిట్ కావాలి. రాష్ట్రపు పన్నులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తారు, డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే సైట్ల జోలికి పోకండి. రాష్ట్రం పన్ను 6.25 శాతం, ఊరివాళ్ళది కలిపి మా దగ్గర 8.25. ఆ పర్మిట్ ఉంటే, బొమ్మలో భాగమయ్యే రంగూ క్లే లాంటివి కొనేటప్పుడు రీసేల్ సర్టిఫికెట్ (తిరిగి అమ్మడానికే కొంటున్నామనే పత్రం) ఇచ్చి పన్ను లేకుండా తీసుకోవచ్చు. అమ్మకం సున్నా అయినా రిటర్న్ వెయ్యాలి, ఆలస్యమైతే 50 డాలర్లు జరిమానా. నా ఇంటిపేరు లేని షాపు పేరు పెట్టుకున్నాను కాబట్టి కౌంటీ ఆఫీసులో ఆ పేరు నమోదు చేయించాను. ఆన్‌లైన్‌లో ఎట్సీలో, చేతిపనులు అమ్మే వెబ్‌సైట్‌లో, అమ్మితే పన్ను వాళ్ళే వసూలు చేసి కట్టేస్తారు. సంతలో మాత్రం మనదే బాధ్యత.

టెంట్ కాళ్ళకి ఒక్కోదానికి 40 పౌండ్ల బరువు కట్టాలన్నారు. మావారు పీవీసీ పైపుల్లో కాంక్రీటు పోసి చేశారు. చూసేవాళ్ళకి అతిగా అనిపించింది, కానీ మధ్యాహ్నం గాలి లేచినప్పుడు ఎదుటి వరసలో ఒక టెంట్ గాల్లోకి లేవడం చూశాక ఎవరూ నవ్వలేదు. ఇంకో సంగతి: హాట్ గ్లూ ఈ ఎండలకి కారులో మెత్తబడిపోతుంది. అతుకులన్నీ చెక్క జిగురుతోనే వెయ్యాలి.

సంత సెప్టెంబరులో. హాలోవీన్ వస్తువులు కొనేవాళ్ళకి అక్టోబరంటే అప్పటికే ఆలస్యం. ఉదయం పదికి గేటు తీయగానే నారింజ-నలుపు బట్టలేసుకున్న ఇద్దరు పెద్దావిడలు నేరుగా నా దగ్గరికి వచ్చి, లాంతర్లు తిరగేసి అడుగు చూశారు. సంతకం, సంవత్సరం ఉందో లేదోనని. ఉన్నాయి. ఒకావిడ వీపు విరిచిన నల్ల పిల్లి తీసుకుంది, ఇంకొకావిడ ఆ పాత టర్నిప్ ముఖంలా చేసిన లాంతరు. ఒక్కోటి 95 డాలర్లు. ఆ ధర చెప్పడానికి నా గొంతు వణికింది. ఆవిడ మాత్రం బేరమే ఆడలేదు, పైగా ఇంకా చిన్నవి ఉన్నాయా అని అడిగింది.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది వేరేదాని మీద. మన దిష్టి బొమ్మ ముఖం: మెలితిప్పిన మీసాలు, గుడ్లురిమే కళ్ళు, వేలాడే ఎర్ర నాలుక. టేబుల్ మధ్యలో, అన్నిటికన్నా ఎత్తులో పెట్టాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మీసాలు చూసి ముచ్చటపడి, "సర్కస్ పహిల్వానా?" అని అడిగారు. భయపడ్డవాళ్ళు లేరు. దిష్టి గురించి చెబితే శ్రద్ధగా విని, పక్కనున్న గుమ్మడికాయ కొనుక్కుపోయారు. నాకు బాధేమీ కలగలేదు. పాత జర్మన్ బొమ్మల జ్ఞాపకంతో వచ్చినవాళ్ళు వాళ్ళకి తెలిసిన భయాన్నే కొంటారు, అది సహజమే. సాయంత్రం ఒక తెలుగు అబ్బాయి చూసి ఫొటో తీసి వాళ్ళమ్మకి పంపాడు, మరుక్షణం ఫోన్ మోగింది, "కొత్తింటికి తీసుకోరా" అని స్పీకర్లో వినిపించింది. అది అలా అమ్ముడుపోయింది.

మిగిలినవి ఎట్సీలో పెట్టాను. వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, నాలుగు నెలలుంటుంది. అమ్ముడైతే షిప్పింగ్ చార్జీతో కలిపిన మొత్తం మీద 6.5 శాతం, పేమెంట్‌కి ఇంకో 3 శాతం, పైన 25 సెంట్లు. 95 డాలర్ల లాంతరు మీద, షిప్పింగ్ లెక్క కాకుండానే, సుమారు తొమ్మిదిన్నర డాలర్లు వాళ్ళకే పోతుంది. అది ముందే ధరలో వేసుకోవాలి. పంపడమే అసలు తలనొప్పి. లాంతరు బరువు ఏమీ ఉండదు, కానీ డబ్బా ఘనపు అడుగు దాటితే పోస్టాఫీసువాళ్ళు బరువుతో పాటు కొలతలు కూడా లెక్కేసి, ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తారు. ఒకటి అణిగిపోయి చేరింది. కొరియర్‌వాళ్ళు క్లెయిమ్ ఒప్పుకోలేదు. కొన్నావిడకి డబ్బు తిరిగిచ్చేశాను. అప్పట్నుంచి డబ్బాలో డబ్బా పెట్టి పంపుతున్నాను, కొలతలు దాటకుండా లాంతర్లనే చిన్నవి చేస్తున్నాను.

సంతలో వచ్చినదాని పన్ను అక్టోబరు 20 లోపు, ఆన్‌లైన్‌లోనే రిటర్న్ వేసి కట్టేశాను. వచ్చే సంతకి ఫారం నింపుతున్నాను, స్టాల్ ఫొటో ఈసారి పెరట్లోది కాదు. టేబుల్ మధ్యలో పెట్టబోయేది టర్నిప్.