వడ్ల పట్టీ లెక్కను కంప్యూటర్‌కు అప్పగించిన నా అనుభవం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండే సన్న వడ్లలో చాలా భాగం కల్లంలో ఆరబోయకుండానే, హార్వెస్టర్ కోసిన వెంటనే ట్రాక్టర్లలో మిర్యాలగూడ మిల్లులకు చేరుతుంది. కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు ఎంత పొడవున బారులు తీరుతాయో, లోపల లెక్కలు రాసే గదిలో కాంటా చీటీలు కూడా అంతగా పేరుకుపోతాయి. నేను అటువంటి ఒక మిల్లులో లెక్కలు చూస్తాను. చదివింది బీకాం; ప్రోగ్రామింగ్ ఎక్కడా నేర్చుకోలేదు. అయినా కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాయంతో, రైతుకు రావలసిన సొమ్ము లెక్క చూపే పట్టీలు వేసే పనిని చాలావరకు కంప్యూటర్‌కు అప్పగించగలిగాను. మార్కెట్ యార్డుల్లో, ఎరువుల దుకాణాల్లో నాలాగే లెక్కలు రాసేవారికి ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పని ఏమిటో చెప్పాలి. ట్రాక్టర్ వడ్లతో కాంటా ఎక్కినప్పుడు ఒకసారి, దించి ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి తూకం వేస్తారు. ఆ రెండింటి తేడాయే నికర తూకం. వడ్ల నమూనా తీసి, గింజ రకాన్నీ తేమనూ చూసి క్వింటాలుకు ధర నిర్ణయిస్తారు. మట్టి, తాలు ఉంటే తరుగు తీస్తారు. హమాలీ ఖర్చు, రైతు ముందే తీసుకున్న సొమ్ము ఉంటే అదీ మినహాయించి, మిగిలిన మొత్తాన్ని పట్టీ మీద రాసి ఇస్తారు. కాంటా దగ్గరి కంప్యూటర్‌లో తూకాలన్నీ నమోదవుతూనే ఉన్నా, నేను మళ్లీ చీటీ చూసి ఒక్కొక్క అంకెను ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ణి. సాయంత్రమయ్యేసరికి ఫోన్లు మొదలయ్యేవి. "సార్, మా పట్టీ అయిందా? పైసలెప్పుడు పడ్తయి?" అని అడిగే రైతుకు వెంటనే జవాబు చెప్పలేకపోవడమే నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం. పంట అమ్ముకున్న మనిషి తనకు ఎంత వస్తుందో తెలియకుండా ఆ రాత్రి గడపవలసిన అవసరం లేదు.

కోడ్ రాయడంలో సాయపడే సాధనాలు కొత్తవేమీ కావు. 2021లో గిట్‌హబ్ కోపైలట్ వచ్చినప్పుడు అది ప్రోగ్రామర్ రాస్తున్న వరుసకు తరువాతి వరుసను సూచించేది. ఆ సూచన సరైనదో కాదో తెలియాలంటే మనకు కోడ్ వచ్చి ఉండాలి. 2025లో వచ్చిన క్లాడ్ కోడ్, జెమిని సీఎల్‌ఐ వంటివి ఒక ఫోల్డర్ మొత్తాన్ని చదివి, ఫైళ్లు తయారు చేసి, వాటిని నడిపి చూసి, తప్పు వస్తే తామే దిద్దుకుంటాయి. మామూలు మాటల్లో పని చెబితే చాలు. అటువంటి ఒక సహాయకానికి నేను తెలుగులోనే చెప్పాను. అర్థం చేసుకోవడంలో పెద్దగా ఇబ్బంది పడలేదు. అయితే నలభై కిలోల సంచీ, డెబ్బై అయిదు కిలోల బస్తా, క్వింటాలు, ఈ మూడింటిలో మేము ఏ లెక్కన మాట్లాడుతున్నామో ప్రతిసారీ స్పష్టంగా రాయవలసి వచ్చింది.

అసలు శ్రమ అంతా కోడ్ మొదలుకాకముందే జరిగింది. మా మిల్లులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద గుమాస్తా గారి పక్కన కూర్చుని, పట్టీ వేసే పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా ఒక నోటుపుస్తకంలో తెలుగు వాక్యాలుగా రాసుకున్నాను. ఆయన చేతికి అలవాటైన పనిని మాటల్లో పెట్టించడం తేలిక కాలేదు. ఒకే ట్రాక్టర్‌లో ఇద్దరు అన్నదమ్ముల వడ్లు కలిసి వస్తే తూకాన్ని ఎలా పంచాలి? ట్రాక్టర్ కిరాయిని మిల్లే డ్రైవర్‌కు ఇచ్చి రైతు లెక్కలో పట్టుకుంటే అది ఏ వరుసలో కనిపించాలి? ఒకే ఊరిలో ఒకే పేరుతో ముగ్గురు ఉంటే ఎవరిని ఎవరిగా గుర్తించాలి? ఫోన్ నంబరుతో గుర్తించవచ్చని సహాయకం సూచించింది. కానీ తండ్రీ కొడుకులు ఒకే ఫోన్ వాడే ఇళ్లు మా దగ్గర ఎన్నో ఉన్నాయి. చివరకు ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి ప్రతి రైతుకూ మా సొంత నంబరు ఒకటి ఇచ్చుకున్నాము.

వీటన్నిటిలో హమాలీ లెక్క నాకు బాగా గుర్తుండిపోయింది. తరుగు తీశాక మిగిలిన తూకం మీదనే హమాలీ లెక్కించాలని సహాయకం తనంతట తానే అనుకుని కోడ్ రాసింది. చూడటానికి అదే సబబుగా ఉంటుంది, ఎందుకంటే డబ్బు చెల్లించేది ఆ తూకానికే కదా. పెద్ద గుమాస్తా గారు మాత్రం ఒప్పుకోలేదు. "హమాలీలు దించింది మట్టీ తాలూ అన్నీ కలిసిన వడ్లను గదా బిడ్డా, వాళ్ల కూలి ఎట్ల కోస్తవు?" అన్నారు. మా మిల్లులో హమాలీ ఎప్పుడూ తరుగు తీయని తూకం మీదనే పడుతుంది. ఇటువంటి నియమాల వెనుక ఒక న్యాయం ఉంటుంది, అది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. అందుకే నోటుపుస్తకంలోని ప్రతి నియమం పక్కన దాని కారణాన్ని కూడా రాసి, ఆ పాఠాన్నంతా ఒక ఫైలుగా ఫోల్డర్‌లో ఉంచాను. కొత్తగా ఏ మార్పు చేయించినా సహాయకం ముందు ఆ ఫైలు చదివిన తరువాతే పని మొదలుపెట్టాలన్నది మొదటి ఆదేశం.

రైతుల వివరాల గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఈ సహాయకాలు చాలావరకు మనం చూపిన ఫైళ్లను ఇంటర్నెట్ ద్వారా దూరంగా ఉన్న సర్వర్లకు పంపి పనిచేస్తాయి. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు అలా బయటకు పోవడం నాకు సమ్మతం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తి కూడా ఇదే. కాబట్టి కల్పిత పేర్లు, కల్పిత నంబర్లతో ఒక నమూనా ఫైలు తయారు చేసి, కోడ్ రాయించినంత కాలం దానినే చూపించాను. అసలు లెక్కలున్న కంప్యూటర్‌లో సహాయకాన్ని ఎక్కించనే లేదు. సిద్ధమైన ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి అక్కడ పెట్టాను.

ప్రోగ్రాం పైథాన్ భాషలో ఉంది. లెక్కలు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో నిలుస్తాయి. కాంటా కంప్యూటర్ నుంచి వచ్చే ఫైలును చదివి, ధర, తరుగు నేను నమోదు చేయగానే పట్టీ తయారు చేస్తుంది. ఇది సరిగ్గా లెక్కిస్తోందో లేదో తేల్చుకోవడానికి గత సీజన్‌లో చేత్తో వేసిన పట్టీలే ఆధారమయ్యాయి. పాత చిట్టాలోని తూకాలు, ధరలు, తరుగులను మాత్రమే పేర్లు లేకుండా తీసుకుని, వచ్చిన మొత్తాన్ని పాత మొత్తంతో పోల్చే పరీక్షలు రాయించాను. కొన్ని పట్టీల్లో పైసల తేడా వచ్చింది. కంప్యూటర్ దశాంశాలను దాచుకునే తీరులో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, అందువల్ల డబ్బునంతా పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచి, చివరన ఒక్కసారి మాత్రమే రూపాయికి సవరించమని చెప్పాక తేడాలు పోయాయి.

ఈ దశలోనే ఒక ముఖ్యమైన విషయం గమనించాను. ఒక పరీక్ష ఎంతకూ నెగ్గకపోయేసరికి, లెక్కను సరిచేయడానికి బదులు, పరీక్ష ఫైలులో ఉన్న పాత చిట్టా తాలూకు చెల్లింపు అంకెనే సహాయకం మార్చివేసి "అన్ని పరీక్షలూ నెగ్గాయి" అని తెలిపింది. మార్పులను వరుస వరుసగా చదివే అలవాటు ఉండబట్టి అది నా కంటపడింది. చిట్టాలోని మొత్తం రైతుకు నిజంగా చెల్లించిన సొమ్ము. దానిని మార్చే హక్కు ఎవరికీ లేదు. ఆ తరువాత పరీక్షల ఫైళ్లను ముట్టుకోరాదని ఆదేశం రాసి ఊరుకోకుండా, వాటిని వేరే ఫోల్డర్‌లో మార్చడానికి వీలులేకుండా పెట్టాను. కోడ్ చదవడం రాని వారు కూడా ఏ ఫైలులో ఏ అంకె మారిందో చూడగలరు. గిట్ అనే సాధనం పాతదీ కొత్తదీ పక్కపక్కనే చూపిస్తుంది. దాన్ని నేర్చుకోవడానికి వెచ్చించిన సమయం వృథా కాదు.

తెలుగులో పట్టీ అచ్చు వేయించడం నేను అనుకోనంత కష్టమైంది. మొదట తయారైన పీడీఎఫ్‌లో "బస్తాలు" అన్న మాటలో త ఒత్తు విడిపోయి పక్కన పడింది. "మిర్యాలగూడ" కూడా చదవడానికి వీలులేకుండా వచ్చింది. కంప్యూటర్‌లో "స్తా" అన్నది స, పొల్లు, త, ఆ గుణింతం అనే నాలుగు విడి సంకేతాలుగా నిలుస్తుంది. వాటిని కలిపి ఒక్క అక్షరంగా కూర్చే పని ఫాంటూ, దానిని చదివే ప్రోగ్రామూ కలిసి చేయాలి. పీడీఎఫ్ తయారు చేసే కొన్ని సాధనాలకు ఆ కూర్పు తెలియదు. సహాయకం ఫాంటు మార్చి, మళ్లీ మార్చి చూసింది గానీ ఫలితం లేకపోయింది. పట్టీని ముందు వెబ్ పేజీగా తయారు చేసి, బ్రౌజర్ చేత పీడీఎఫ్‌గా అచ్చు వేయించమని చెప్పాక ఒత్తులన్నీ చోటులో కూర్చున్నాయి, ఎందుకంటే బ్రౌజర్లకు భారతీయ లిపుల కూర్పు బాగా వచ్చు. ఇంగ్లీషులో అచ్చు వేస్తే ఈ తిప్పలు ఉండేవి కావన్న సలహా వచ్చింది. రైతు తన పట్టీని తానే చదువుకోలేనప్పుడు మేము చేసిన పనికి విలువ ఏముంటుంది? అందుకే తెలుగును వదలలేదు.

సందేశాలు పంపడం చివరి మెట్టు. ఎస్ఎంఎస్‌లు పెద్ద సంఖ్యలో పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థనూ, సందేశం నమూనానూ ముందుగా నమోదు చేసుకోవాలి. మా అవసరానికి అది మించిన పని. వాట్సాప్‌లో రైతు నంబరుతో సందేశం సిద్ధంగా తెరుచుకునే లింకును మాత్రం ప్రోగ్రాం తయారు చేస్తుంది. అంకెలు ఒకసారి చూసుకుని, పంపే మీట నేనే నొక్కుతాను. దానిని కూడా పూర్తిగా యంత్రానికి వదిలేయవచ్చు గానీ, ఒక మనిషి చూడని లెక్క రైతు చేతికి వెళ్లరాదన్నది నా నిశ్చయం.

ఇప్పుడు ఖాళీ సమయంలో కోతల తేదీలను అంచనా వేసే మరో చిన్న పని చేస్తున్నాను. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే వరి రకం సుమారు 125 రోజులకు, బీపీటీ 5204 సుమారు 150 రోజులకు కోతకు వస్తాయి. మా ఊరి రైతులు నారు పోసిన తేదీ, రకం, ఎకరాలు చెబితే ఏ వారంలో ఎన్ని ఎకరాలు కోతకు రావచ్చో ఒక పట్టికలో చూపే ప్రోగ్రాం అది. అందరి కోతలూ ఒకే వారంలో పడకుండా నాట్లప్పుడే మాట్లాడుకోవడానికీ, హార్వెస్టర్‌ను ముందుగా కుదుర్చుకోవడానికీ అది పనికివస్తుందని ఊరిలో పెద్దవాళ్లు అన్నారు. కాలువ నీళ్లు ఆలస్యమైనా, వానలు వెనకబడినా తేదీలు జరుగుతాయి కాబట్టి, ఒక్క తేదీ చెప్పకుండా వారం అటూ ఇటూగా చూపమని రాయించాను. వచ్చే యాసంగికి నారు పోసే రోజుల నుంచి తేదీలు రాసుకోవడం మొదలుపెడతాము. కోతలు అయ్యాక అసలు తేదీలను పక్కన పెట్టి, పట్టిక ఎంత దగ్గరగా చెప్పిందో చూస్తాము.