గయలో మూడో పిండం

గయ శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు చెప్పాలి. మొదటి రెండూ నాకు నోటికొచ్చినవే. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి మా ఇంట్లో ఎప్పుడూ గొంతు తగ్గించేవాళ్లు. మా తాతగారి తండ్రి ఎవరో గట్టిగా చెప్పినవాళ్లు లేరు.

మాది కోనసీమ. తాతగారి పైతరంలో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన చిన్న వయసులోనే పోయాడు. చిన్నాయనకి పిల్లలున్నారు. తాతగారు పెరిగింది పెద్దాయన భార్య దగ్గర. ఆవిడ మరిది కొడుకుని దత్తత తీసుకుందని కొందరు, దత్తతా ఏమీ లేదు, వదినకి తోడుగా ఉంచారంతే అని కొందరు. కాదు, పెద్దాయన పోయేనాటికి ఆవిడ కడుపుతో ఉందని ఇంకో మాట. గోదావరి పుష్కరాల్లో రేవులో దొరికిన పిల్లాడని ఊళ్లో గిట్టనివాళ్లు అనేవారట. ఆ మాట తాతగారి చెవిన ఎన్నిసార్లు పడిందో తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. అన్నదమ్ముల ఇంటిపేరూ గోత్రమూ ఒకటే కాబట్టి వాటివల్ల ఏదీ తేలదు.

నాన్న సంవత్సరీకాలు అయ్యాక గయ ప్రయాణం అనుకున్నాం. కాగితాలు బయటికి తీశాను. తాతగారి స్కూలు సర్టిఫికెట్‌లో తండ్రి పేరు చిన్నాయనది. 1936 నాటి భాగపంపకాల దస్తావేజులో పెద్దాయన కుమారుడు అని ఉంది. దత్తత పత్రం మాత్రం లేదు. లేనంత మాత్రాన దత్తత జరగలేదనడానికీ వీల్లేదు. 1956లో హిందూ దత్తత చట్టం రాకముందు మద్రాసు ప్రెసిడెన్సీలో భర్త అనుమతి లేకపోయినా, జ్ఞాతులు, అంటే భర్త వైపు దాయాదులు, ఒప్పుకుంటే వితంతువు దత్తత తీసుకునే వీలుండేది. కన్నవాళ్లు చేతిలో పెట్టడం, పెంచేవాళ్లు అందుకోవడం, దత్తహోమం, దానికి సాక్షిగా పదిమంది ఉంటే చాలు. భర్త బతికుండగా దత్తతకి అధికారమిస్తూ రాసి రిజిస్టరు చేయించి ఉంటే, అది రిజిస్ట్రేషన్ ఆఫీసులో వీలునామాలతో పాటు మూడో నంబరు పుస్తకానికి ఎక్కుతుంది. వెతికించాను. మాకు కావలసిన ఏళ్ల ఇండెక్సు పేజీలు చెదలు తినేశాయి.

మిగిలిన ఆధారం పిల్లలకి పెట్టిన పేర్లు. మా వైపు మొదటి కొడుక్కి తన తండ్రి పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. తాతగారు మా నాన్నకి పెద్దాయన పేరు, బాబాయికి చిన్నాయన పేరు పెట్టారు. నాన్నా అనుకోవడానికి ఆయనకి ఇద్దరూ ఉన్నారని నాకు అప్పుడే అనిపించింది.

కాశీ చూసుకుని, రైల్లో గయ చేరాం. నేను, మా ఆవిడ, బాబాయి కొడుకు. ఫల్గు నదిలో ఇసుక తప్ప నీళ్లుండవని చిన్నప్పట్నుంచీ విన్నాం. సీతమ్మ శాపం కథ తెలియనిదెవరికి! కానీ 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక దేవ్‌ఘాట్ దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. మెట్ల మీద స్నానం చేసి, యాత్రికులకి కర్మలు చేయించే పండాగారింటికి వెళ్లాం.

అక్కడ కోనసీమ జిల్లా అంటే పని జరగదు. ఆ జిల్లా పుట్టింది 2022లోనే కదా. తూర్పు గోదావరి, అమలాపురం తాలూకా అన్నాక, ఊరి పేరూ ఇంటిపేరూ అడిగి గుమాస్తా లోపలికి వెళ్లాడు. ఎర్రగుడ్డలో చుట్టిన పొడవాటి బహీ, అంటే యాత్రికుల పేర్ల పుస్తకం, తెచ్చాడు. ఈ బహీలు గయావాల్ పండాల ఇళ్లలో తరతరాలుగా వస్తున్నాయి. వచ్చిన యాత్రికుడు తన పేరు, పెద్దల పేర్లు, వెంట వచ్చినవాళ్ల పేర్లు స్వహస్తాలతో రాసి సంతకం పెడతాడు. మన జిల్లా పేజీల్లో తెలుగు రాతే ఎక్కువ.

"అన్నయ్యా, ఇదిగో తాతగారి ఊరు" అన్నాడు తమ్ముడు. నాకు గుండె దడదడలాడింది. సిరా గోధుమరంగుకి తిరిగింది. సున్నాలు గుండ్రంగా, తలకట్టు పైకి విసిరినట్టు, పుస్తకాల అట్టల మీద నేను చూసిన తాతగారి చేతిరాతే. తండ్రి అని పెద్దాయన పేరు రాశారు. పక్కనే 'దత్తత'. కింద వరసలో 'తల్లులు' అని ఇద్దరి పేర్లు. ఒకటి పెంచినావిడది, రెండోది చిన్నాయన భార్యది. ఆ కింద 'జనకులకును పిండప్రదానము చేసినాను' అని, చివర 'వ్రాలు', అంటే సంతకం. చిన్నాయన పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఎందుకు రాయలేదో ఆయనకే తెలియాలి. దత్తు వెళ్లినవాడు కన్నతండ్రి పేరు పైకి చెప్పకూడదనుకున్నారేమో. కోర్టులో అయితే, పెద్దవాళ్లు చెప్పగా విన్నదే రాశాడు కదా అనొచ్చు. నాకు మాత్రం ఆ పేజీ చాలు. విష్ణుపాదం ఉన్న ఊళ్లో, పితృదేవతల పనిమీద వచ్చి, తన చేత్తో ఆయన అబద్ధం రాయరు.

వెంటనే మేనత్తకి ఫోన్ చేశాను. ఎనభై దాటినావిడ. విని, "ఒరేయ్, అందుకా మా నాన్న ఏటా నాలుగు తద్దినాలు పెట్టేవాడు! మడి బట్టలు ఆరేసేది నేనే. ఎవరివే అమ్మా ఇన్ని అంటే నోరు మూసుకోమనేది" అంది. తిథులు కూడా చెప్పింది. తమ్ముడు రాసుకున్నాడు.

విష్ణుపద ఆలయం ఇప్పుడున్న రూపంలో అహల్యాబాయి హోల్కర్ 1787లో కట్టించింది. వెండి తొడుగు తొట్టిలో నల్లరాతి మీద పాదం. ఆ రద్దీలో ఎక్కువసేపు నిలబడనివ్వరు. నా మనసు మాత్రం మాతృషోడశి దగ్గర ఆగిపోయింది. తల్లికి పదహారు పిండాలు, ఒక్కోదానికి ఒక్కో శ్లోకం. నెలనెలా పడ్డ కష్టానికి, ప్రసవ వేదనకి, బాలింతగా తాగిన చేదు కషాయాలకి, రాత్రుళ్లు బిడ్డ తడిపిన బట్టల్లోనే పడుకున్నందుకు, జబ్బు చేస్తే ఏడ్చినందుకు. మా అమ్మ పేరుతోనే పెట్టాను. పెడుతుంటే తాతగారు కళ్లముందు మెదిలారు. ఈ శ్లోకాలు ఆయనా ఇక్కడే విని ఉంటారు. మొదటి పిండాలకి కన్నావిడ, తర్వాతవాటికి పెంచినావిడ గుర్తొచ్చి ఉండరా? కడుపున మోసి, తోడికోడలి ఒడిలో పెట్టి, అదే ఊళ్లో ఆ బిడ్డ ఇంకొకరిని అమ్మా అని పిలుస్తుంటే వింటూ బతికిందావిడ. ఆవిడ గురించి మా ఇంట్లో ఒక్క కథ కూడా మిగల్లేదు. అది తలుచుకునే నాకు ఏడుపు ఆగలేదు.

మూడో పిండం ఎవరి పేరున పెట్టాలని అడిగితే, "దత్తు వెళ్లాక వంశం పెంచినవారిదే బాబూ. పెద్దాయన పేరే చెప్పండి. కన్నవాళ్లకి విడిగా పెడదాం" అన్నారు మన తెలుగు పురోహితులు. అలాగే చేశాం. తర్వాత పేరు తెలియనివాళ్లందరి కోసం చెప్పే శ్లోకం వచ్చింది. 'జ్ఞాతాజ్ఞాతాః కులే మమ'. నా కులంలో తెలిసినవారు, తెలియనివారు. ఆ పిండం వేరెవరికీ చెప్పకుండా నేనే పట్టుకుని పెట్టాను.

అక్షయవటం దగ్గర కాయా పండూ వదిలేసి, మళ్లీ పండాగారింటికి వచ్చాం. బహీలో నా వంతు. నాన్న పేరు, తాతగారి పేరు, పెంచిన తల్లిదండ్రుల పేర్లు రాసి, పక్కన కన్నతల్లి పేరు, చిన్నాయన పేరు కూడా రాశాను. "తిథులు కూడా వెయ్యండి, పిల్లలకి పనికొస్తాయి" అంది మా ఆవిడ. నాలుగు తిథులూ రాసి సంతకం పెట్టాను. తమ్ముడు నా కింద తన కొడుకు పేరు రాశాడు.