తడిగుడ్డ

నవంబరు, జపాన్‌లోని తొయామాలో ఆరో రోజు

పొద్దున్నించీ వానే. వచ్చిన ఆరు రోజుల్లో తాతెయామా కొండలు కనిపించింది రెండు పూటలే. 3,015 మీటర్ల కొండ కూడా మబ్బు పట్టిందంటే అసలు లేనట్టే.

ఇక్కడి స్కూల్లో క్లాసుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. లెక్కలు మన ఇంటర్ లెక్కలే, భాష రాకపోయినా బోర్డు చూస్తే అర్థమైపోయాయి. మధ్యాహ్నం బెంటో డబ్బాలో అన్నం మీద అమ్మ ఇచ్చిన కందిపొడి చల్లుకున్నాను. పక్కవాడు చిటికెడు అడిగి నోట్లో వేసుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

ఆఖరి పీరియడ్ అవగానే స్పీకర్‌లో పాట మొదలైంది. అందరూ లేచి బల్లలన్నీ వెనక్కి నెట్టేశారు. 'సోజి' అట, అంటే శుభ్రం చేసుకోవడం. నిన్నటిదాకా మమ్మల్ని అతిథుల్లా చూసి పక్కన నిలబెట్టారు. ఈ రోజు నా చేతికీ ఒక 'జోకిన్' ఇచ్చారు, పాత తువ్వాలు మడిచి కుట్టిన తడిగుడ్డ.

బకెట్‌లో నీళ్ళు మంచులా ఉన్నాయి. గుడ్డని నిమ్మకాయ పిండినట్టు పిండాను. నేల మీద పెడితే చిన్న కాలవే పారింది. నేను దిగిన హోస్ట్ ఇంటి అబ్బాయి నవ్వాపుకుంటూ గుడ్డని నిలువుగా పట్టి, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద, అచ్చం క్రికెట్ బ్యాట్ పట్టుకున్నట్టు పెట్టి, మణికట్లు లోపలికి తిప్పాడు. ఒక్క తిప్పుకే నీళ్ళు ధారగా దిగిపోయాయి. తర్వాత రెండు అరచేతులూ గుడ్డ మీద ఆనించి, నడుము పైకెత్తి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు. నేను సగం దూరంలోనే బోర్లా పడ్డాను. మోకాలు ఇంకా సలుపుతోంది.

మా స్కూల్లో చీపురు పట్టించేది ఆలస్యంగా వచ్చినవాళ్ళతో, లేదా ఆడపిల్లలతో. ఇంట్లో అయితే పదిహేడేళ్ళలో నేను చీపురు ముట్టుకున్నది బల్లిని తోలడానికి. పరీక్షల రోజున కూడా అక్క వాకిలి ఊడ్చే వెళ్ళేది. నాకప్పుడది వింతగా అనిపించలేదు.

ఇక్కడ పనివాళ్ళు లేరని కాదు. మరమ్మతులు, చెట్ల పని చూసుకునే పెద్దాయన ఒకరున్నారు. పిల్లలంతా ఆయన్ని పేరు పెట్టి, చివర 'సాన్' (మన 'గారు' లాంటిది) చేర్చి పలకరిస్తారు. బకెట్లు కడుగుతున్నప్పుడు హోస్ట్ అబ్బాయి ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగాడు, మీ స్కూల్లో ఎవరు శుభ్రం చేస్తారని.

"ఒకావిడ ఉన్నారు," అన్నాను.

"పేరు?"

నోట మాట రాలేదు. ఆరో తరగతి నుంచి చూస్తున్న మనిషి. నాకు జ్వరం వస్తే ఆవిడే ఇంటిదాకా దింపింది. ఫోన్ వంక చూస్తూ 'ఆయమ్మ' అన్నాను. వాడు దాన్నే పేరనుకుని 'ఆయమ్మ‌-సాన్' అని జాగ్రత్తగా పలికాడు. నేను సరిదిద్దలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే ఇంటి దగ్గర సాయంత్రం ఆరు, క్లాసు గ్రూప్‌లో అడిగాను: ఒరేయ్, మన ఆయమ్మ పేరేంట్రా? పద్నాలుగు మంది చూశారు. ఒక్కడే జవాబిచ్చాడు.

"ఆయమ్మ పేరు ఆయమ్మే కదరా. జపాన్‌లో నీకేమైంది?"