ఫస్టాఫ్ సూపర్, సెకండాఫ్ ల్యాగ్

మా అపార్ట్‌మెంట్ పిల్లలు నవలల గురించి మాట్లాడుతుంటే, వీళ్ళు చదివింది పుస్తకమా, చూసొచ్చింది సినిమానా అని కొత్తవాళ్ళకి అనుమానం వస్తుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది, క్లైమాక్స్ తేలిపోయింది, ఫ్రెండ్ క్యారెక్టర్‌కి స్కోప్ లేదు... ఇదే భాష. 1876లో అచ్చయిన మార్క్ ట్వేన్ నవల టామ్ సాయర్‌కి కూడా మా రెండో ఫ్లోర్ కుర్రాడు ఇచ్చిన రివ్యూ ఇదే: "ఫస్టాఫ్ సూపర్ అంకుల్. సెకండాఫ్ కొంచెం ల్యాగ్."

మేముండేది విజయవాడ పటమటలో. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక టెర్రస్ మీద చాపలు పరిస్తే, ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా వచ్చేవాళ్ళు వస్తారు. పుస్తకాలు జనవరిలో జరిగే పుస్తక మహోత్సవంలో కొన్నవి కొన్ని, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో బేరమాడి తెచ్చినవి ఎక్కువ. మా ఆవిడ మరమరాల మిక్చర్ కలిపి పంపుతుంది. హాజరులో సగం దాని పుణ్యమే అని ఆవిడ వాదన. నేను కాదనను.

రూల్స్ రెండే. మొదటిది నాది. "బాగుంది", "బోర్" అని ఊరికే అంటే చెల్లదు, ఎక్కడో పేజీ తీసి చూపించాలి. స్టెప్స్ రాయకుండా ఆన్సర్ వేస్తే నేను మార్కులివ్వను, అలవాటైపోయింది. రెండోది ఏడో తరగతి చదివే మా అమ్మాయి పెట్టింది. ఈ కథలో నీతి ఏమిటి అని పెద్దవాళ్ళెవరూ అడగకూడదు. ఈ రెండో రూల్ వల్ల జరిగిన మేలు మొదటిదాని వల్ల జరగలేదని ఒప్పుకోవాలి. నీతి చెప్పక్కర్లేదని తెలిశాక పిల్లలు న్యాయం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. రెండూ ఒకటి కావు.

టామ్ సాయర్ సంగతే చెప్తాను. తెలుగులో నండూరి రామమోహనరావు గారి అనువాదం పాత కాపీ ఒకటి ఉంది. ఇంగ్లిష్‌లో చదివినవాళ్ళు కూడా ఉన్నారు. కంచెకి సున్నం వేసే పనిని గొప్ప అదృష్టంలా చూపించి, మిగతా పిల్లల దగ్గరే లంచాలు తీసుకుని వాళ్ళ చేతే వేయించే ఘట్టం దగ్గర అందరూ నవ్వుతారనుకున్నాను. నవ్వారు, అయిపోయింది. అసలు గొడవ దీవి దగ్గర మొదలైంది. టామ్, హక్, జో ముగ్గురూ దీవికి పారిపోతారు. వీళ్ళు నదిలో మునిగి చచ్చిపోయారని ఊళ్ళో అనుకుంటారు. ఒక రాత్రి టామ్ ఒక్కడే దొంగచాటుగా ఇంటికొచ్చి పాలీ ఆంటీ ఏడవడం వింటాడు. మేం చావలేదు అని చెట్టు బెరడు మీద రాసుకున్న చీటీ వాడి దగ్గరే ఉంటుంది. అయినా పెట్టకుండా వెనక్కి వెళ్ళిపోతాడు. చివరికి ముగ్గురూ తమ అంత్యక్రియల ప్రార్థనకి తామే హాజరవుతారు.

"ఏడుపు విన్నాడు. విని కూడా చీటీ జేబులో పెట్టుకుని పోయాడు. వీడు హీరో ఏంటి?" అంది మా అమ్మాయి.

"అక్కడ చెప్పేస్తే కథ అయిపోతుంది కదే" అన్నాడు రెండో ఫ్లోర్ కుర్రాడు. తొమ్మిదో తరగతి.

"కథ అయిపోతుందని రైటర్‌కి టెన్షన్. టామ్‌కి ఎందుకు?"

ఆ మాటకి నేనే ఒక నిమిషం ఆగాను. పాత్ర చేసే పనికి కారణం పాత్రలో ఉండాలి, రచయిత అవసరంలో కాదు అని పెద్ద పెద్ద విమర్శకులు వ్యాసాలు రాస్తారు. ఈ పిల్ల మిక్చర్ నములుతూ అనేసింది. కుర్రాడూ తగ్గలేదు. పేజీ తిరగేసి, టామ్ నిద్రపోతున్న ఆవిడని ముద్దుపెట్టుకుని వెళ్ళే చోటు చూపించాడు. చీటీ తర్వాత ఆవిడకే జేబులో దొరుకుతుందని, అది చూసి ఆవిడ క్షమించేసిందని గుర్తుచేశాడు. "ఆవిడ క్షమిస్తే ఆవిడ ఇష్టం, నేను క్షమించను" అంది మా అమ్మాయి. ఓటింగ్ పెట్టమన్నారు. పెట్టలేదు, దీనికి ఓటింగ్ ఏంటి?

మా పిల్లల్లో ఎక్కువమంది ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ వత్తు వచ్చిన ప్రతిచోటా బండి ఆగుతుంది. ఆ సమస్య తీర్చింది మా వాచ్‌మన్ గారి అమ్మాయి. వాళ్ళది శ్రీకాకుళం వైపు, ఇక్కడ మున్సిపల్ స్కూల్లో ఎనిమిదో తరగతి. గడగడా చదువుతుంది, చదవడమే కాదు, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెడుతుంది. మిగతావాళ్ళు ఇప్పుడు ఆమె వస్తే తప్ప తెలుగు పుస్తకం తెరవనివ్వరు. ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు మొత్తం ఆమె గొంతులోనే విన్నాం.

బుడుగు విషయంలో నాకు తెలియకుండానే ఒక ధీమా ఉండేది. తెలుగు పిల్లలకి నచ్చకపోవడం ఉంటుందా అని. జాటర్ ఢమాల్ లాంటి బుడుగు మాటలకి ఐదో తరగతి వాళ్ళు పడి పడి నవ్వారు. పదో తరగతి వాళ్ళు నవ్వలేదు. నాలుగో ఫ్లోర్ అమ్మాయి సూటిగా అడిగింది: "అంకుల్, ఇది పిల్లల కోసం రాసిందా, పిల్లల గురించి పెద్దవాళ్ళ కోసం రాసిందా?" బుడుగు వాళ్ళ బాబాయి రెండుజెళ్ళ సీత వెంటపడే వ్యవహారం వచ్చినప్పుడు ఆమె ముఖం ఇంకా ముడుచుకుంది. ఇప్పుడైతే దీన్ని వేరే పేరుతో పిలుస్తారు అంది. నేను బాపు బొమ్మలు చూపించి కాస్త సర్దబోయాను. బొమ్మలు నచ్చాయి, అభిప్రాయం మారలేదు.

వాచ్‌మన్ గారి అమ్మాయిది ఇంకో లెక్క. చదువుతూ చదువుతూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "వీడు బడికి వెళ్ళనంటే ప్రైవేటు మాస్టార్ని పెడతారు సార్. మా ఊళ్ళో వెళ్ళనంటే పన్లోకి పంపుతారు" అంది. ఫిర్యాదు చేసినట్టు అనలేదు, మళ్ళీ పేజీ తెరిచి అదే ముద్దు గొంతుతో చదవడం మొదలెట్టింది. బుడుగంటే ఆమెకి బాగా ఇష్టం కూడా. ఇష్టపడటానికీ లోపం చెప్పడానికీ మధ్య పేచీ ఉందని పిల్లలు అనుకోరు. అభిమాన రచయితని ఒక మాటంటే మూతి ముడుచుకునేది మనమే.

ఇంగ్లిష్ పుస్తకాల్లో మా టెర్రస్ మీద ఎక్కువ నలిగింది జెఫ్ కిన్నీ రాసిన వింపీ కిడ్ డైరీ. ఆరో తరగతి వాళ్ళు దాన్ని పుస్తకం అనుకోరు, పక్కింటి కుర్రాడి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. గ్రెగ్ తను చేసిన వెధవ పనికి స్నేహితుడు రౌలీ బుక్కయితే నోరు మూసుకుని ఊరుకుంటాడు. "వాడు మంచోడు కాదు, అందుకే చదవబుద్ధేస్తుంది" అన్నాడు ఒకడు. అంతకన్నా నేను చెప్పేదేం లేదు దాని గురించి.

ఆర్. జె. పలాసియో రాసిన వండర్ మీద మాత్రం రెండు ఆదివారాలు పట్టింది. 2012లో వచ్చిన నవల. ఆగస్ట్ అనే పదేళ్ళ పిల్లాడి ముఖం పుట్టుకతోనే అందరిలా ఉండదు, ఐదో తరగతిలో మొదటిసారి స్కూలుకి వెళ్తాడు. కథని వాడొక్కడే కాదు, అక్క వియా, స్నేహితులు కూడా వంతులవారీగా చెప్తారు. మా దగ్గర అందరూ ఏడ్చింది ఆగస్ట్ కోసమే. పేజీలు తీసి చూపించినవి మాత్రం వియావి. ఇంట్లో తమ్ముడి చుట్టూనే అందరూ తిరుగుతుంటే, ఏ గొడవా చేయకుండా తన పని తను చేసుకునే పిల్ల వియా. కొత్త హైస్కూల్లో తమ్ముడి సంగతి ఎవరికీ తెలియకపోతే బాగుండు అనుకుంటుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడుతుంది. మా చాపల మీద కూర్చున్నవాళ్ళలో అక్కలు ఎంతమందో ఆ రోజే తెలిసింది నాకు. "తమ్ముడికి పరీక్షలుంటే మా ఇంట్లో టీవీ కూడా పెట్టరు" అంది ఒకమ్మాయి, అందరూ నవ్వారు.

ఆఖర్లో ఆగస్ట్‌కి స్కూలు వాళ్ళు మెడల్ ఇస్తారు, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. సినిమాలో అయితే ఈలలు పడే చోటు. నాలుగో ఫ్లోర్ అమ్మాయికి అక్కడే చిరాకొచ్చింది. "వాడు మామూలుగా ఉండాలనే కదా ఇంతసేపూ కోరుకుంది? మామూలు పిల్లాడికి స్కూలుకి వచ్చినందుకు మెడల్ ఇస్తారా?" ఐదో తరగతి బుడ్డోడికి ఈ మాట నచ్చలేదు. ఇవ్వాలి, అంత కష్టపడ్డాడు కదా అని దాదాపు ఏడ్చినంత పని చేశాడు. నేను మనసులో అమ్మాయి పక్షం. పైకి చెప్పలేదు, చెప్తే చర్చ అయిపోతుంది. ఇంకో కుర్రాడు అడిగిన ప్రశ్న ఇంకా బాగుంది. ఇంతమందికి వంతులిచ్చిన రచయిత్రి, ఏడిపించే జూలియన్‌కి ఎందుకు ఇవ్వలేదు? వాడి వైపు కూడా వినాలి కదా? ఆ రచయిత్రి 2014లో జూలియన్ చెప్పే భాగాన్ని విడిగా రాసింది. ఆ సంగతి చెప్పగానే, తనే రాయించినంత గర్వం వాడికి.

ఇలా వాదించే పిల్లలు పదో తరగతి దాటగానే మాయమవుతారు. ఎక్కడికి పోతారో నాకు బాగా తెలుసు, పొద్దున నా క్లాసులోనే కూర్చుంటారు కాబట్టి. స్టడీ అవర్స్, వీకెండ్ టెస్టు, ర్యాంకుల షీటు. ఆ మధ్య సీనియర్ ఇంటర్ అమ్మాయి ఒకరు లెక్కల మెటీరియల్ అట్టలో సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్ పెట్టుకుని చదువుతూ దొరికింది. ఏముంది ఇందులో అని అడిగాను. ప్రభుత్వం పిల్లల్ని ఎంపిక చేసి, ఒకళ్ళు మిగిలేదాకా చంపుకోమని అరీనాలో వదిలే కథ అది. ఆ అమ్మాయి చావుల గురించి చెప్పలేదు, మార్కుల గురించి చెప్పింది. అరీనాలోకి పంపేముందు ఒక్కొక్కళ్ళకీ పన్నెండుకి స్కోరు వేస్తారు. హీరోయిన్ కాట్నిస్ బాణాలు వేస్తుంటే జడ్జీలు పట్టించుకోకుండా తిండి మీద ఉంటారు. ఒళ్ళు మండి, వాళ్ళ బల్ల మీద కాల్చిన పంది నోట్లో ఉన్న ఆపిల్‌కి బాణం వేస్తుంది. పదకొండు వస్తుంది.

"మనం స్టెప్స్ అన్నీ కరెక్ట్‌గా రాస్తే ఎవరూ చూడరు సార్. ఆపిల్‌ని కొట్టాలి" అంది.

పుస్తకం తిరిగిచ్చేసి, అట్ట ఇంకాస్త గట్టిగా వేసుకోమన్నాను. మా కాలేజీ వాళ్ళు ఈ పోస్టు చదవరని నమ్మకం.

ఇదే వయసులో నేనేం చదివాను అని ఆలోచిస్తే నాకూ మధ్యలో ఏమీ లేదు. చందమామ చదివాను. మరుసటి ఏడాది అద్దె లైబ్రరీలో మధుబాబు షాడో, ఆ వెంటనే యండమూరి. భేతాళుడి చెట్టు దగ్గర్నుంచి నేరుగా స్మగ్లర్ల డెన్‌లోకి దూకాను. అవి చదివినందుకు బాధేం లేదు, హాయిగా చదివాను. కానీ వాటిల్లో పద్నాలుగేళ్ళ వాడెవడూ లేడు. తెలుగులో చిన్నపిల్లల కథలకి కొదవ లేదు, బాల్యం గురించి పెద్దయ్యాక రాసుకున్న అందమైన పుస్తకాలూ ఉన్నాయి. హాస్టల్లో ఉండే, మొటిమలొచ్చే, నాన్నతో మాట్లాడని, ర్యాంకు పడిపోయిన పిల్ల తన గొంతుతో చెప్పే నవల కావాలని నాలుగో ఫ్లోర్ అమ్మాయి అడిగితే ఇవ్వడానికి నా అలమరలో ఒక్కటీ దొరకలేదు. ఆమె చివరికి ఫోన్‌లో ఇంగ్లిష్‌లోకి వెళ్ళిపోయింది.

కాబట్టి ఈ పోస్టు చదివే రచయితలెవరైనా ఉంటే, మా టెర్రస్ తరఫున ఆర్డర్ ఇదీ. పిల్లలే చెప్పారు, నేను రాసుకున్నాను. కథ మన ఊళ్ళోనే జరగాలి, సిటీ బస్సు ఉండాలి. అమ్మానాన్నలు మరీ మంచివాళ్ళు కాకూడదు, మరీ రాక్షసులూ వద్దు. అమ్మాయికి స్కోప్ ఉండాలి. చివర్లో కలెక్టర్ అవ్వకూడదు. తాతయ్య ఉంటే ఉండనివ్వండి గానీ ప్రతి అధ్యాయం చివరా ఆయన చేత సూక్తులు చెప్పించకూడదు. నూట యాభై పేజీలు దాటితే సెకండాఫ్ ల్యాగ్ లేకుండా చూసుకోవాలి. వత్తులు తగ్గించమని ఐదో తరగతి బుడ్డోడు కూడా ఒకటి చేర్చమన్నాడు. అక్కర్లేదు, చదవడానికి నేనున్నాను కదా అంది వాచ్‌మన్ గారి అమ్మాయి.