ఏ బండిది ఈ ముందు సస్పెన్షన్?

ఈ రాత్రివేళ నన్ను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నది అరచేతిలో ఇమిడే ఒక రబ్బరు బుష్, అంటే మా పాత ట్రక్కు ముందు సస్పెన్షన్ కీలులో కూర్చునే గొట్టం లాంటి ముక్క. సాయంత్రం దాన్ని పాత గుడ్డలో చుట్టుకుని విడిభాగాల దుకాణానికి వెళ్ళాను. కౌంటరు దగ్గరి యువకుడు దానివైపు చూడకుండానే, ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడిగాడు. 1951 షెవర్లే 3100 పికప్ అన్నాను. ఆ బండికి అటువంటి భాగమే లేదని కంప్యూటరు చెప్పింది. ఆ మాట నిజమే, ఎందుకంటే ఆనాటి షెవర్లే పికప్పులకు ముందువైపు ఈ బుష్ కూర్చునే కంట్రోల్ ఆర్మ్‌లే (చక్రాన్ని ఫ్రేముకు కలిపి పైకీ కిందికీ ఊగే చేతులు) ఉండవు. ఇది ట్రక్కు సొంత సస్పెన్షన్ కాదనీ, ఎవరో ఒక కారుది తెచ్చి దీనికి అతికారనీ వివరించాను. ఏ కారుది అన్నాడు. బండి అమ్మినాయన షెవర్లే వాళ్ళ క్యామరో కారుది అన్నాడని చెప్పాను. ఏ సంవత్సరపు క్యామరో అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా వెనక వరుస పెరుగుతోంది. తెలుసుకుని రమ్మన్నాడు.

అతని మీద నాకు కోపమేమీ లేదని రాయబోయాను గాని, ఉంది. అదే కౌంటరు మీద ఒకప్పుడు లావుపాటి కాటలాగు పుస్తకాలు ఉండేవి. బుష్‌ను కొలిచి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, పొడవు చెబితే, ఆ పేజీలు తిరగేసి దేనికి సరిపోతుందో చెప్పే పెద్దవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు తెర అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన వాడికే సరుకు దొరుకుతుంది. వస్తువు చేతిలో పెట్టుకుని నిలబడ్డవాడి చేతిలోని వస్తువును చూడకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది. ఇంట్లో చెప్పుకునే వీలు లేదు. భోజనాల దగ్గర ట్రక్కు ఊసు ఎత్తకూడదన్న ఒప్పందం ఇంకా అమలులోనే ఉంది కనుక ఈ బాధంతా ఇక్కడికే వచ్చింది.

భోజనాలు అయ్యాక గ్యారేజీలోకి వెళ్ళి, బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, చిన్నోడి చేతికి టార్చిలైటు ఇచ్చి కిందికి దూరాను. 1951లో ఈ బండి తయారైనప్పుడు దీని ముందుభాగం మన లారీల మాదిరిగానే ఉండేది: ఒక చక్రం నుంచి మరో చక్రం దాకా ఒకే ఉక్కు బీము, దాని రెండు చివర్లా కింగ్ పిన్లు (చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్లు), ఛాసిస్ పొడవునా రెండు కమాన్ కట్టలు. ఇప్పుడు వాటిలో ఏ ఒక్కటీ లేదు. వెనక చక్రాలకు కంపెనీ ఇచ్చిన ఆరు నట్లు అలాగే ఉన్నాయి, ముందు చక్రాలకు మాత్రం ఐదే ఉన్నాయి. ఐదు నట్ల చక్రానికి పక్కపక్కనున్న రెండు స్టడ్ల (నట్లు ఎక్కే మరల) మధ్య దూరాన్ని, కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి, 1.7తో గుణిస్తే స్టడ్ల వృత్తం వ్యాసం వస్తుంది. కాలిపర్ స్కేలుతో కొలిస్తే 71 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే వృత్తం నాలుగుముప్పావు అంగుళాలు, షెవర్లేలు తయారుచేసే జనరల్ మోటార్స్ కార్ల కొలత. 67 వచ్చి ఉంటే నాలుగున్నర అంగుళాలు అయ్యేది, అప్పుడు ఫోర్డునో క్రైస్లర్‌నో అనుమానించవలసి వచ్చేది.

అయితే నట్ల సాక్ష్యం ఒక్కటే చాలదు. పాత పికప్పులకు జనం ఎక్కువగా అతికే ఫోర్డు మస్టాంగ్ 2 సస్పెన్షన్ కిట్లు ఈ కొలత బ్రేకు డిస్కులతో కూడా అమ్ముతారు. అందుకని స్టీరింగు వైపు చూశాను. మస్టాంగ్ 2 పద్ధతిలో అడ్డంగా ఒక ర్యాక్ (పళ్ళున్న కడ్డీ) ఉండాలి. ఇక్కడ ఫ్రేముకు బిగించిన స్టీరింగు బాక్సు, దాని నుంచి వచ్చే లింకులు ఉన్నాయి కనుక అది కాదు. 1976 నుంచి 1980 దాకా వచ్చిన ప్లిమత్ వొలారే కారుది అయితే ముందువైపు అడ్డంగా టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగు పని చేసే కడ్డీలు) కనిపించాలి. ఇక్కడ కింది ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య చుట్ట స్ప్రింగులు ఉన్నాయి కనుక అదీ కాదు. ఇక మిగిలింది స్టీరింగు బాక్సు ఎక్కడ ఉందన్న ప్రశ్న. 1970 నుంచి 1981 దాకా వచ్చిన క్యామరోలలో అది చక్రాల మధ్యరేఖకు ముందు ఉంటుంది, 1967 నుంచి 1969 దాకా వచ్చిన వాటిలో వెనక ఉంటుంది. మాది వెనకే ఉంది. అయినా విషయం అక్కడితో తేలదు, ఎందుకంటే 1968 నుంచి 1974 దాకా వచ్చిన షెవర్లే నోవాకు కూడా ఇంచుమించు ఇదే సబ్‌ఫ్రేము (ముందు సస్పెన్షన్‌ను మోసే ఫ్రేము ముక్క). అమ్మినాయన చెప్పిన క్యామరో అన్నది సగం నిజం కావచ్చు, లేదా క్యామరో అంటే ధర పెరుగుతుందని చెప్పినది కావచ్చు. బ్రేకు కాలిపర్లకు (డిస్కును నొక్కి పట్టే భాగాలకు) ఒక్కొక్క పిస్టనే ఉంది. 1967, 1968 క్యామరో డిస్కు బ్రేకులకు నాలుగేసి పిస్టన్లు ఉండేవి కనుక, ఎవరూ తర్వాత మార్చకపోయి ఉంటే ఇది 1969దో ఆ తర్వాతిదో అయి ఉండాలి. వైరు బ్రషుతో గ్రీజు పొరలు గీకుతూ పోతే పై బాల్ జాయింట్ల (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు కీళ్ళ) చుట్టూ గుండ్రని రివెట్ తలలు బయటపడ్డాయి. కంపెనీ వాళ్ళు బిగించేది రివెట్లతో, తర్వాత మార్చేవాళ్ళు బిగించేది బోల్టులతో. అంటే ఆ కారు పుట్టినప్పటి బాల్ జాయింట్లే ఇప్పటికీ ఈ ట్రక్కు బరువు మోస్తున్నాయి.

ఆ రివెట్ల దగ్గర నా మనసు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళిపోయింది. వేసవి సెలవుల్లో బాబాయి టాటా లారీ ముందు యాక్సిల్ పనికి వస్తే నన్ను కూడా వెంట తీసుకువెళ్ళేవాడు. మేస్త్రీ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, ఆట, అంటే వదులు, ఎంత ఉందో చేత్తోనే చెప్పేవాడు. కింగ్ పిన్నును సుత్తితో దింపి, పాత గన్‌మెటల్ బుష్‌లు తీసి, కొత్తవి ఎక్కించి, వాటిలో రీమరును (రంధ్రాన్ని సన్నగా గీకి సరిచేసే పనిముట్టును) రెండు చేతులా మెల్లగా తిప్పుతుంటే, సన్నని పసుపుపచ్చ రజను నూనెతో కలిసి ఆయన వేళ్ళ మీదికి జారేది. నాలుగు తిప్పులు తిప్పడం, తుడవడం, పిన్ను పెట్టి చూడడం, మళ్ళీ తిప్పడం. "పిన్ను బొటనవేలితో నొక్కితే దిగాలి అబ్బాయ్, సుత్తితో దిగిందంటే స్టీరింగు పట్టేస్తుంది, ఊరికే జారిందంటే ఆర్నెల్లలో మళ్ళీ నా దగ్గరికే వస్తుంది" అనేవాడు. పని అంతా అయ్యాక, చిన్న డబ్బాలో తెల్ల పెయింటు ముంచి, యాక్సిల్ బీము మీద ఆ రోజు తేదీ, వేసిన బుష్ సైజు, ఏదైనా భాగం మరో మోడల్ లారీది వేసి ఉంటే దాని పేరు రాసేవాడు. తాను లేకపోయినా, ఏ ఊళ్ళో విప్పినా, విప్పినవాడికి తెలియాలి అని బాబాయితో అన్నాడు. అప్పుడు నేను ఆ పెయింటు అక్షరాలను చూస్తూ ఆయన చేతిరాత బాగుందని మాత్రమే అనుకున్నాను.

ఈ ట్రక్కు కోసిన మనిషి ఆ పని చేయలేదు. ఫ్రేము మీద ఒక్క అక్షరం లేదు, గ్లవ్ బాక్సులో ఒక్క రసీదు లేదు. దీని ముందు భాగాన్ని కోసినవాడికి, తాను తెచ్చింది ఏ కారుదో, ఏ సంవత్సరానిదో ఆ రోజున నిశ్చయంగా తెలుసు. ఒక్క వరుస రాసి ఉంటే సరిపోయేది. అది రాయకపోవడంవల్ల తర్వాతివాళ్ళందరూ బ్రషుతో, స్కేలుతో, అనుమానాలతో గంటలు గడపాలి. పోనీ ఇది పాట వినబడని రేడియో సంగతా అంటే కాదు, చక్రం ఊడిపోకుండా పట్టి ఉంచే భాగాల సంగతి. 2025 జనవరి 1 నుంచి మేముండే టెక్సాస్‌లో సొంత వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీని కూడా తీసివేశారు కనుక, ఈ అతుకును నేను చూడకపోతే మరొకరు చూసే అవకాశం కూడా లేదు. అందుకే ఈ అతుకులన్నీ తీసివేసి, అసలు బీము, అసలు కమాన్లు వెతికి తెచ్చి, బండిని 1951 నాటి రూపానికి తీసుకురావాలని బ్రషు పట్టుకున్నంతసేపూ పళ్ళు కొరుకుతూ నిశ్చయించుకున్నాను. ఆ మాటే ఇక్కడ రాసి పడుకుందామనుకున్నాను.

కానీ రాస్తూ ఉండగా ఆ వెల్డింగు మళ్ళీ కళ్ళ ముందు కనిపిస్తోంది. ఫైర్‌వాల్‌కు (ఇంజనుకూ క్యాబుకూ మధ్య ఉండే రేకు గోడకు) కొంచెం ముందు పాత ఫ్రేమును కోసి, కారు సబ్‌ఫ్రేము పట్టాలను దానిలో కలిపారు. ఆనాటి క్యామరో, నోవాలకు ముందు సబ్‌ఫ్రేము బోల్టులతో బిగించిన విడి భాగం కనుక, పాత కారు నుంచి దాన్ని దించడం సులువు, అందుకే అందరూ దాని వెంటపడ్డారు. కలిపేచోట నిలువుగా ఒకే గీతలా వెల్డు చేస్తే, బరువంతా ఆ గీత మీదే పడి ఏదో ఒక రోజు అక్కడే పగులుతుంది. ఈ మనిషి అలా చేయలేదు. అతుకు మీద లోపలా బయటా వజ్రం ఆకారంలో పలకలు కోసి, వాటి కొసలు ఫ్రేము పొడవునా వచ్చేటట్టు పెట్టి, చుట్టూ వెల్డు చేశాడు. ఆ వెల్డు అలలు ఒకదాని పక్కన ఒకటి సమంగా ఉన్నాయి, ఎక్కడా పగులు లేదు. టేపుతో కొలిచాను: రెండు వైపులా ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 116 అంగుళాలు, కంపెనీ ఇచ్చిన దూరమే. ఎదురెదురు మూలల మధ్య అడ్డంగా తీసిన కొలతలు కూడా రెండూ సరిపోయాయి. అతను పని తెలిసిన మనిషి.

మరి అసలు రూపానికి తేవాలంటే ఏం చేయాలి? బీము దొరుకుతుంది, కమాన్లు దొరుకుతాయి, ఇలా మార్చుకున్నవాళ్ళందరూ తీసి పారేసినవే బోలెడు ఉంటాయి. కానీ వాటిని మోసే ఫ్రేము ముక్కను కోసి పారేశారు కనుక, మొత్తం ఛాసిస్ మరొకటి తెచ్చి, క్యాబును, ఇంజన్ను దించి ఎక్కించాలి. అంటే డెబ్బై ఏళ్ళు దాటిన బండికి, బాగున్న ఒక పనిని పాడుచేసి, ఎలా ఉందో తెలియని మరో ఫ్రేమును తగిలించడం. అది పునరుద్ధరణ అవుతుందా? ఆ మాట పైన అంత గట్టిగా రాసినందుకు దాన్ని తీసివేయను, అప్పుడు అలాగే అనిపించింది. ఇప్పుడు మాత్రం ఆ అజ్ఞాత వ్యక్తి చేసిన పనినే శుభ్రంగా తిరిగి నిలబెట్టాలని ఉంది. రాయకపోయినందుకు నాకున్న కోపం మాత్రం తగ్గలేదు. ఇంత చక్కగా వెల్డు చేయగలిగినవాడు రాయకపోవడం ఇంకా ఎక్కువ బాధ కలిగిస్తోంది.

కనుక చేయవలసిన పనులు ఇవి. పై బాల్ జాయింట్ల రివెట్లను డ్రిల్లు చేసి తీసి, బోల్టులతో కొత్తవి బిగించాలి. కిందివి ప్రెస్సుతో దించి ఎక్కించేవి కనుక ఆర్మ్‌లను ప్రెస్సు ఉన్నచోటికి తీసుకువెళ్ళాలి. పై ఆర్మ్‌ల షాఫ్టుకూ ఫ్రేముకూ మధ్య ఉన్న షిమ్ములను (సన్నని రేకు బిళ్ళలను), ఏ బోల్టు దగ్గర ఎంత మందం ఉన్నాయో రాసుకుని, విడివిడిగా దారంతో కట్టి ఉంచాలి. అవి కలిసిపోతే చక్రాల కోణం లెక్క తప్పుతుంది. బ్రేకుల విషయం వేరు. మాస్టర్ సిలిండరు (పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని తోసేది) ఇంకా పాత చోటే, డ్రైవరు కాళ్ళ కింద ఉంది. అది కాలిపర్ల కన్నా కిందుగా ఉండడంతో ద్రవం వెనక్కి జారిపోయి పెడల్ మెత్తబడుతోంది. ముందు లైనులో 2 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), వెనక డ్రమ్ముల లైనులో 10 పిఎస్‌ఐ ఒత్తిడిని నిలిపే వాల్వులు పెట్టాలి. స్ప్రింగులు దించడం మాత్రం ఎదురింటి పెద్దాయన పక్కన లేకుండా చేయను, అణచి ఉన్న చుట్ట స్ప్రింగు ఒక్కసారిగా తప్పుకుంటే ఎముక విరిగిపోతుంది. పని అయ్యాక ఫ్రేము లోపలి వైపు తెల్ల పెయింటుతో రాయవలసిన వరుస కూడా సిద్ధం చేసుకున్నాను: 1967-69 క్యామరో లేదా 1968-74 నోవా, స్టీరింగు వెనక, కాలిపర్‌కు ఒక పిస్టన్.

ఐదు నట్లు, ఆరు నట్ల సమస్య మాత్రం తీరేలా లేదు. ఆరు నట్ల వెనక యాక్సిల్‌తో పాటు గొట్టంలో మూసి ఉండే పాత డ్రైవ్ షాఫ్టు వస్తుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు వరకు మార్చుకుంటూ పోవాలి, అంత పని ఇప్పుడు తలకెత్తుకోను. కనుక దూర ప్రయాణానికి రెండు స్టెప్నీలు మోసుకుపోక తప్పదు. ఆరు నట్లది బండితోనే వచ్చింది. ఐదు నట్లది ఇంకా కొనాలి.